ఎర్రచేపకు జత

వరుస అటూ ఇటూ అవుతుందేమో, ముందే చెప్తున్నాను. ఈ మధ్య నిన్నటివి నిలవడం లేదు. కాని ఆ చేప వల్ల నా మీద పడ్డ నింద మాత్రం మరిచిపోలేదు.

రజాకార్ల గడబిడ సద్దుమణిగిన మరుసటేడు. నేను మిర్యాలగూడకు కాపురానికి వచ్చి ఏడాది నిండలేదు. మా అత్తగారిది ధాన్యం వ్యాపారం చేసే కోమట్ల ఇల్లు. గుడ్డు పేరెత్తినా నోరు పుక్కిలించే మనుషులు. అలాంటి ఇంటికి హైదరాబాదు నుంచి ఎవరో ఆఫీసరు గాజు కూజాలో ఒక ఎర్రచేపను బహుమానంగా పంపాడు. వద్దంటే ఆయనకు కోపం. కిటికీలో పెట్టారు. నీళ్లు మార్చడం నా పని.

అది రోజంతా గాజుకు మూతి ఆనించి చూసేది. "ఒక్కతే ఉన్నది అత్తమ్మా, జత తెద్దామా?" అన్నాను.

"నీ మరిదికే ఇంకా పెండ్లి కాలె, చేపకు ముందా?" అంది అత్తమ్మ. మరిదికి కోదాడ సంబంధం దాదాపు కుదిరింది. శుక్రవారం వాళ్లు ఇల్లు చూడటానికి వస్తామన్నారు.

మామగారు మాత్రం, "దిగులుతోని చస్తే ఆఫీసరుకు ఏం జవాబు చెప్తం? తెప్పించు" అన్నారు. ఆ మాట ఆయనే అన్నారు. గుర్తుపెట్టుకోండి.

మా ఇంట్లో చేపల సంగతి ఎవరికి తెలుసు? గురువారం పొద్దున చేపలమ్మే ఎల్లమ్మ వీధిలో పోతుంటే పిలిచాను. ఆమె మా గడప ముందు ఎన్నడూ ఆగలేదు.

"మీ ఇంటికేనా అమ్మా? పులుసుకా, వేపుడుకా?"

"కాదు. పానంతోని ఉన్నది కావాలె, మా చేపకు జత."

"మీది ఆడదా, మొగదా?"

నాకేం తెలుసు? ఎల్లమ్మ గంప అరుగు మీద దించి, కిటికీలోంచి కూజాను పరీక్షగా చూస్తోంది. సరిగ్గా అప్పుడే కోదాడ వాళ్ల బండి ఆగింది. శుక్రవారం అన్నవాళ్లు గురువారం రావడం నా తప్పా?

పెళ్లికూతురి తండ్రి గంపను చూసి ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు. "మీ ఇంట్లో నీచు వాడతారని మాకు చెప్పలేదేమండీ?"

నేను నోరు తెరిచేలోపు ఎల్లమ్మ సాయానికొచ్చింది. "తినటానికి కాదయ్యా. వీళ్ల చేపకు సంబంధం సూస్తున్నరు."

తమను ఎగతాళి చేస్తున్నామనుకున్నారు వాళ్లు. మంచినీళ్లయినా ముట్టకుండా బండెక్కారు.

"దాన్ని ఎవరు పిలువమన్నరు?" అని మామగారు నా మీద లేచారు.

"మీరే గదా తెప్పించమన్నరు."

"హైదరాబాదు నుంచి తెప్పించమన్న. ఎల్లమ్మ గంపలకెల్లి కాదు."

అన్నారా ఆ మాట? అనలేదు.

వారంలో పుకారు సూర్యాపేటలో మా పుట్టింటికి చేరింది. మా అమ్మ ఉరుకుతూ వచ్చి, నన్ను పలకరించకముందే వంటింట్లో గిన్నెలన్నీ వాసన చూసింది. కన్నతల్లి కూడా నమ్మకపోతే ఎవరికి చెప్పుకోను?

చేప రెండేళ్లు ఒంటరిగా దర్జాగా బతికింది. మరిదికి ఇంకో సంబంధం దొరకడానికి మూడేళ్లు పట్టింది. ఆ ఇంట్లో తోడులేక దిగులుపడుతున్నది ఎవరో కనుక్కోవడంలోనే నేను పొరబడ్డాను.

శారదా, నువ్వు మా మరిది బిడ్డవు, ఈ పేర్లు జర సరిచూడు. ఆమె ఎల్లమ్మేనా, పోచమ్మా? ఆ కోదాడ పెద్దమనిషి పేరు కూడా మీ నాయనను అడుగు. నన్నయితే ఆయన ఇప్పటికీ చేప మాట ఎత్తనివ్వడు. నేను ఎల్లమ్మను పిలవకపోయుంటే, ఆ పెద్దమనిషే నీకు తాత అయ్యేవాడు.