దూతమ్మ చెయ్యి చూపిన దిక్కు

అమ్మ పోయినప్పటి నుంచి నాకు ప్రార్థన రావడం లేదు. మోకాళ్ల మీద ఉంటాను, కళ్లు మూసుకుంటాను, నోట్లోంచి ఒక్క మాట రాదు. "దేవదూతలే నిన్ను దేవుడి దగ్గరికి నడిపిస్తారమ్మా" అని మా పాస్టరుగారు ఓదార్చారు. నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది. నాకెక్కడ కనబడ్డారు ఆ దూతలు? కానీ అమ్మ చిన్నప్పుడు విడవలూరు అవతల ఒక పల్లెలో, చర్చి మీది దేవదూత బొమ్మను చూస్తూ భక్తి నేర్చుకున్నానని చెప్పేది. కనీసం ఆ బొమ్మనైనా చూసొద్దామని మొన్న శనివారం బయల్దేరాను.

ఒంగోలులో తెల్లవారుజామున రైలెక్కితే ఏడింటికల్లా నెల్లూరు. బస్టాండు పక్కన కారం దోసె తిని కళ్లనీళ్లు తుడుచుకుంటూ విడవలూరు బస్సెక్కాను. దారి పొడవునా వరిపొలాలే, గంటలో చేరిపోయాం. అక్కడి నుంచి సముద్రం ఒడ్డుకు షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. చర్చి దగ్గర దించమంటే డ్రైవరు నవ్వాడు.

"దూతమ్మ కాడికా అక్కా? మా పడవలకు ఆమే గదా గుర్తు. ఏటా చేపల వేట నిషేధం అయిపోతానే మేమే ఎక్కి సున్నం కొడతాం. తెల్లంగా ఉంటేనే సముద్రంలోంచి కనబడేది."

"మీరు చర్చికి వెళతారా?"

"లేదక్కా, మేం గంగమ్మ బిడ్డలం."

సరుగుడు తోపు దాటగానే చర్చి. దాని నెత్తిన రెక్కల దూత, కుడి చెయ్యి ఆకాశానికెత్తి ఉంది. కింద గోడకు మాత్రం పసుపు, కుంకుమ బొట్లు! నాకు చిర్రెత్తింది. అక్కడ ఖాళీ గంపతో నిలబడిన పోలమ్మ అనే ఆమెను అడిగేశాను, దూతకు మొక్కుతారా అని.

"మొక్కగూడదని ఈ చర్చి అయ్యగారు చెప్పినాడులే. ఆదివారం ఆయన కడిగేస్తాడు, సోమారం మేం పెడతాం," అని నవ్వింది. "ఆమె చెయ్యి పైకి చూపిస్తా ఉండాది గదా. ఆ పైనాయనకే చెప్పుకుంటా. అన్ని పడవలూ వచ్చినాయి, మా ఆయనది ఇంకా రాలేదు."

నవ్వుతూనే ఉంది కానీ, మాటిమాటికీ సముద్రం వైపే చూస్తోంది. నువ్వెందుకొచ్చావని అడిగితే ఉన్నమాట చెప్పాను. పోలమ్మ గంప కింద పెట్టి, దూత చెయ్యి చూపిన వైపు మొహమెత్తింది.

"సామీ, ఈ అక్కకు అమ్మ పోయి మాట రాకుండా ఉండాదంట. నువ్వే అర్థం చేసుకో."

తన మొగుడు సముద్రంలో ఉండగా ముందు నా గురించి అడిగింది! నాకు దుఃఖం ఆగలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, "ప్రభువా, ఈమె పెనిమిటిని క్షేమంగా ఒడ్డుకు చేర్చు" అన్నాను. నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. కాసేపటికి సముద్రం మీద ఒక పడవ కనిపించింది. పోలమ్మ గంప అక్కడే వదిలేసి పరుగెత్తింది.

వెళ్లాలనుకునేవారు పదింటిలోపే చేరుకోండి. పడవలొచ్చే వేళ అదే, ఎండెక్కితే ఆ ఇసుకలో కాలు పెట్టలేరు. నాకు ప్రార్థన పూర్తిగా వచ్చేసిందని చెప్పను. రోజూ పోలమ్మ ఇంటివాళ్లతో మొదలుపెడతాను, తర్వాత మా వీధివాళ్లు. అమ్మ పేరు దగ్గరికొచ్చేసరికి ఏడుపొస్తుంది. ఇప్పుడు ఆ ఏడుపు ఆ పైనాయన ముందే ఏడుస్తున్నాను.