బెణికిన చెయ్యి

నా చిన్నప్పుడు అంటే మరీ రాజుల కాలమేమీ కాదు. తెలంగాణ కోసం వారంలో సగం రోజులు బందులు నడిచిన కాలం. బళ్ళు మూతపడితే పిల్లలకు పండగంటారు గానీ, నాకు ఆ సెలవులు నిప్పుల మీద కూర్చున్నట్టే గడిచాయి. ఇంట్లో ఉంటే మా అమ్మ పక్కింటి అక్కకు జడ వేయడం రోజూ కళ్ళారా చూడాల్సి వచ్చేది మరి!

మేం నల్లగొండ వైపు నుంచి వచ్చి గడ్డిఅన్నారంలో కిరాయికి ఉండేవాళ్ళం. అమ్మకు క్యాన్సరని తేలి కీమో సూదులు మొదలయ్యాక, చూస్తుండగానే జుట్టంతా ఊడిపోయింది. అంతకుముందు అమ్మ జడంటే మా గల్లీలో పేరు. నాకు దువ్వే ఓపిక ఆమెకు లేక నెత్తి నిండా పేలు పడితే, బాపు నన్ను సెలూన్‌కు తీసుకెళ్ళి మగపిల్లాడి కటింగ్ కొట్టించాడు.

ఒకరోజు నెత్తికి చున్నీ కట్టుకుని వాకిట్లో నిలబడ్డ అమ్మను చూసి, వీధిలో ఒకామె “యాదగిరిగుట్టకు పోయొచ్చినవా వదినా? ప్రసాదమేది?” అని అడిగింది. పాపం, మొక్కు తీర్చుకుని గుండు చేయించుకుందనుకుంది. అమ్మ నవ్వి లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత గడప దాటలేదు. ఇంక సూదికి కూడా పోనని బాపుకు తెగేసి చెప్పింది. బాపు బతిమాలాడు, కోపం చేశాడు, ఏడ్చాడు కూడా. అమ్మ వినలేదు.

అప్పుడే వచ్చింది పక్కింటి ఆంటీ. వాళ్ళది గుంటూరు వైపు. “నా చెయ్యి బెణికిందండీ వదినగారూ, దీనికి కాస్త జడ వేద్దురూ” అంటూ కూతుర్ని ముందుకు తోసింది. ఆ అక్క జుట్టు నడుం దాటి ఉండేది. అమ్మ కాసేపు దాన్ని చూసింది. లోపల వెలుతురు సరిపోవడం లేదని అక్కను అరుగు మీదికి తీసుకుపోయింది.

ఇంక రోజూ అదే పని! అక్కకు అయిదు పాయల జడ, పైన కనకాంబరాలు. నాకు కడుపు మండిపోయేది. నా అమ్మ, మా దువ్వెన, మా పీట, జడ మాత్రం దానికి! దాని జుట్టు ఊడిపోవాలని కర్మన్‌ఘాట్ హనుమంతుడికి మొక్కుకున్నాను. మొక్కాక అమ్మ గుర్తొచ్చి, భయమేసి చెంపలు వేసుకున్నాను.

కుళ్ళుబోతు కళ్ళకు ఏదీ దాగదంటారు. ఒక పొద్దున డాబా మీది నుంచి చూస్తే, ఆంటీ అక్కకు జడ అల్లేస్తోంది! అలవాటులో చేసినట్టుంది, చివరికొచ్చాక నాలిక కరుచుకుని, గబగబా అంతా విప్పేసి మా ఇంటికి పంపింది. దొంగ దొరికిందని నాకు ఎంత సంబరమో! అక్క జడ వేయించుకుని వెళ్ళేదాకా ఉగ్గబట్టుకుని, అమ్మకు చెప్పేశాను.

“నాకెరుకనే. చెయ్యి బెణికినామె రోజూ దుప్పట్లు పిండుతదా?” అంది అమ్మ.

“మరెందుకు ఏస్తున్నవ్?”

“నా కోసమే గద అబద్ధమాడుతుంది. నేను నమ్మకపోతే రేపు ఏం చెప్పి ఒస్తది?” అని నా క్రాపు నెత్తి నిమిరింది. “నీకేద్దామంటే జుట్టు లేకపాయె.”

అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. “నాకు పెరిగేటాళ్ళకు నువ్వుండాలె గద! సూదికి పోనంటివి, నాకెవరు ఏస్తరు?” అన్నాను. ఆ రాత్రి అమ్మ, సూదికి పోదామని బాపుతో అంది.

ఆస్పత్రికి వెళ్ళే రోజు మళ్ళీ బందు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బందు చేయిస్తున్న కాలేజీ పిల్లలు బండి ఆపితే, బాపు ఏదో చెప్పబోయేలోగా అమ్మే చున్నీ విప్పి చూపించిందట. “అమ్మను పోనియ్యుండ్రి” అంటూ వాళ్ళే అడ్డంగా ఉన్న రాళ్ళు జరిపారని బాపు ఇంటికొచ్చి చెప్పాడు.

అమ్మ జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం వంకీలు తిరిగి. నాదీ పెరిగింది. ఎవరైనా నా కోసం చిన్న అబద్ధం ఆడితే నమ్మడం ఆ రోజుల్లోనే నేర్చుకున్నాను. కుళ్ళు మాత్రం పోలేదు. ఇప్పుడు హయత్‌నగర్‌లో కాపురముంటున్న ఆ అక్క, వచ్చినప్పుడల్లా చెయ్యి బెణికిందంటూ అమ్మ ముందు జడ విప్పుకుని కూర్చుంటుంది. అది చూసి, పొద్దున చక్కగా అల్లుకున్న నా జడను నేనూ గబగబా విప్పేసుకుని ఆమె వెనకాలే కూర్చుంటాను.

“నీ చేతికేమైందే?” అంటుంది అమ్మ.

“బెణికింది” అంటాను.