వెర్నా కుట్టిన పూసల తాడు

హార్లన్ టటిల్ ఏడాదంతా పోస్ట్‌మ్యాన్, ఒక్క వారం మాత్రం రెండువందల ఏళ్ల కిందటి వేటగాడు. ఆ వారం అమెరికాలోని మోంటానాలో, పాతకాలపు వేషాల్లో మేం గడిపే నది ఒడ్డు గుడారాల్లో చేతి గడియారం పెట్టుకోవడం కూడా నేరమే.

మూడు చలికాలాలు కూర్చుని ఆయన తన చేత్తో ఒక తుపాకీ చేశాడు. మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు దట్టించి కాల్చే రకం. అది పేలుతుందో లేదో ఈ ఉదయం అందరి ముందూ తేలాలి.

నది మీంచి లేచిన మంచు గుడారాల మధ్య తిరుగుతోంది. గుండు చేతిలో పట్టుకుని హార్లన్ అటే చూశాడు. ఆ తెల్లదనంలో పాతకాలపు వేటగాళ్లెవరో గుర్రాలను నది దాటిస్తున్నట్టు తోచింది. వాళ్లు అవతలి ఒడ్డు చేరేదాకా ఆగి, గుండు దట్టించి, గంభీరంగా ట్రిగ్గర్ నొక్కాడు. చెకుముకి రాయి మెరిసింది. గొట్టం బయట, రాయి కింద అంటించడానికి పెట్టిన చిటికెడు మందు బుస్సుమంది. తుపాకీ మాత్రం మౌనం పాటించింది.

"పెద్దాయనా, లోపల మందు పోశావా, లేక అది వేరే చిరునామాకి పోయిందా?" అన్నాడు పక్క గుడారం డ్వైట్.

పోయలేదు. మందు మరిచినవాడు ఆ గుండును పొద్దుగూకేదాకా మెడలో వేసుకు తిరగాలని మా శిబిరం శాసనం. గుండు బయటికి లాగి తాడు వెతుకుతుంటే, ఆయన భార్య వెర్నా నీలం పూసలు కుట్టిన తోలు తాడు తీసింది.

"ఇదెప్పుడు కుట్టావే?"

"పోయిన చలికాలం. నీ సంగతి నాకు తెలీదా?"

మధ్యాహ్నం మందు పోసి కాల్చాడు. తుపాకీ పేలింది, కొండ బదులు పలికింది. పొద్దుగూకినా ఆయన ఆ తాడు తీయలేదు.