అవ్వ నడుము, నా ఎడమ కాలు

పోయిన మంగళవారం పొద్దున మా ఎదురింటి అవ్వ చనిపోయింది. మొగుళ్లపల్లిలో కూతురింటికి వెళ్లి, అక్కడే నిద్రలో పోయింది. గుండె ఆగిందన్నారు. నడుము నొప్పితో పోలేదు. ఈ మాట ముందే రాస్తున్నాను. ఎందుకంటే కబురు తెలిసిన గంటకే చాయ్ హోటల్ దగ్గర ఒకాయన నన్ను ఆపి, "ఏందిరా, నీ కాలు పనిచెయ్యలేదా?" అని అడిగాడు. నేను చాయ్ వదిలేసి ఇంటికి వచ్చేశాను. ఎదురుగా ఉంటే నాకు మాట రాదు. అందుకే ఫోన్‌లో రాస్తున్నాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ని, తప్పులుంటే మీరే సర్దుకోండి.

నా కాలు సంగతి తెలియని వాళ్లకు చెప్తాను. పుట్టినప్పుడు నా కాళ్లు ముందు వచ్చాయి, తల తర్వాత వచ్చింది. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎడమ కాలితో తంతే పట్టేసిన నడుము వదులుతుందని మా దంతాలపల్లి వైపు నమ్ముతారు. ఆదివారం, పొద్దు పొడవకముందు, మొహం కడగకుండా మూడుసార్లు తన్నాలి. ఊహ తెలిసినప్పటి నుంచి నాకు ఆదివారం నిద్ర లేదు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి మా వాకిట్లో బోర్లా పడుకునేవాళ్లు.

మిగతావాళ్లు ఏడాదికి ఒకసారి వస్తే, అవ్వకు మాత్రం వారం వారం కావాలి. మిర్చి ఏరే మనిషి, రోజంతా వంగే పని. మా వాకిట్లోకి కూడా వచ్చేది కాదు. తన ఇంటి అరుగు మీద పడుకుని, అక్కడి నుంచే "ఓ ఎదురుకాళ్లోడా, లేచినవా, లేదా?" అని వాడంతా వినేటట్టు పిలిచేది. నేను దుప్పటి ముసుగు పెడితే అమ్మ లాగేసి పంపేది. అరుగు కింద ఎడమ చెప్పు ఒక్కటే విప్పి ఆమె నడుముకు కాలు ఆనించేవాణ్ని.

"తన్నుమంటే తడుముతున్నవేందిరా? తింటలేవా నువ్వు?" అనేది.

అంత పెద్ద మనిషిని తన్నాలంటే నాకు చెమటలు పట్టేవి. ఆమెకు అదేమీ లేదు. తన్నించుకుని లేచి, చీర దులుపుకుని, గుప్పెడు పల్లీలు నా చేతిలో పోసి పొమ్మనేది. ఎన్నిసార్లు వద్దన్నా అంతే.

రెండేళ్ల కింద, మిర్చి ఏరే రోజుల్లోనే, బస్తా ఎత్తబోతే ఆమె నడుము కలుక్కుమంది. నొప్పి కుడి తొడలోకి, పిక్కలోకి దిగింది. పాదం తిమ్మిరెక్కింది. దవాఖానకు పోదామని అమ్మ చెప్పింది. ఇంట్లో మందు పెట్టుకుని ఊరు తిరుగుడెందుకని అవ్వ వినలేదు. ఆ మందు నేనే. మూడు ఆదివారాలు తన్నాను, తగ్గలేదు. నాలుగో ఆదివారం అరుగు చుట్టూ జనం చేరారు. పోరడు సరిగ్గా తన్నడం లేదు, అందుకే ఇట్లైందని తలా ఒక మాట అన్నారు. అవ్వ కూడా, "ఇయ్యాలన్న కడుపు నిండ తిన్నోని లెక్క తన్నురా" అంది. నాకు సిగ్గు, కోపం రెండూ కలిసి వచ్చాయి. గట్టిగా తన్నాను.

అవ్వ అరవలేదు. తర్వాత లేవబోయింది, లేవలేకపోయింది.

మంచం మీదే మోసుకెళ్లి ఆటోలో పడుకోబెట్టి మహబూబాబాద్ దవాఖానకు తీసుకెళ్లారు. దారంతా నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. కుడి పాదం బొటనవేలు కదుపుతుందా లేదా అని అదే చూస్తున్నాను. అవ్వకు ఇక నడక లేదు, పోగొట్టింది నేనే అనుకున్నాను.

ఫొటోలు తీశారు, పెద్ద డాక్టర్ చూశాడు. తర్వాత కసరత్తులు చేయించే మేడం దగ్గరికి పంపారు. ఎట్లా అయిందని మేడం అడిగితే, బాయికాడ జారిపడ్డానని అవ్వ చెప్పింది. నా వైపు చూడను కూడా చూడలేదు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నా నోట్లో నుంచి మాట వచ్చేసింది.

"జారి పడలే మేడం. నేనే తన్నిన."

మేడం నన్ను తిట్టలేదు. బొమ్మ వెన్నుపూస ఒకటి తీసి, ఎముకల మధ్య మెత్తటి డిస్క్ ఎట్లా పక్కకు జరిగి నరాన్ని నొక్కుతుందో చూపించింది. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు వారాలు మందులు, కసరత్తులతో చూద్దామంది. బరువులు ఎత్తొద్దు, కాలి బలం ఇంకా తగ్గినా, ఒంటికి పోవడం తెలియకపోయినా ఆ క్షణమే తీసుకురావాలని చెప్పింది. నడుము మీద ఎవరూ కాలు పెట్టొద్దని రెండుసార్లు చెప్పింది. వెళ్తుంటే నన్ను ఆపి, ఫోన్ చూసి చూసి నీ మెడ కూడా వంగింది, గంటకొకసారి గడ్డం వెనక్కి లాగి నిటారుగా కూర్చో అంది. అది అవ్వ చెవిన పడటం నా ఖర్మ. ఆ రోజు నుంచి నేను మా ఇంటి ముందు గద్దె మీద ఫోన్ పట్టుకుంటే చాలు, ఎదురింటి నుంచి పల్లీ కాయ వచ్చి నెత్తిన పడేది.

"మెడ లేపు, కొంగోలె వంచకు."

తన కసరత్తులు మాత్రం చేసేది కాదు. మేడం రాసిచ్చిన కాగితం నేను కూడబలుక్కుని చదివాను. అవ్వకు చదువు రాదు కాబట్టి సుద్దముక్కతో ఆమె అరుగు వెనక గోడ మీద, చూరు కింద బొమ్మలు గీశాను. బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం ఒకటి, వెల్లకిలా పడుకుని నడుము లేపడం ఒకటి, అట్లా ఐదు. అవ్వ చాలాసేపు చూసింది.

"గిది మనిషారా, బల్లిరా?"

రోజూ ఇదే పంచాయితీ. కాలు పెట్టకుంటే కసరత్తు చెయ్యనని ఆమె. కాలు పెట్టేది లేదని నేను. ఆరు వారాల్లో తగ్గకపోతే మళ్లీ పెద్ద డాక్టర్ దగ్గరికే పోవాలి, కోతకు ఒప్పుకోనని ఆమె ముందే చెప్పింది. నాలుగు రోజులు పోయాయి, ఐదో రోజు నేనే దిగివచ్చాను. ముందు కసరత్తులు, తర్వాత కాలు. అదీ తన్నడం కాదు, ఊరికే ఆనించడం, ఆదివారం ఒక్కటే. అవ్వ ఒప్పుకుంది. గెలిచినట్టు నవ్వింది కూడా.

ఒక్కో కసరత్తు పది లెక్కపెట్టే దాకా పట్టి ఉంచాలి. అవ్వ అంకెలు లెక్కపెట్టేది కాదు. తనకు కోపం తెప్పించిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పేది. కోళ్లను తరిమిన పక్కింటామె, కూలి ఆలస్యం చేసిన ఆసామి, పండక్కి రాని మరిది, ఇట్లా. పదో పేరు ఎప్పుడూ నాదే. "ఎదురుకాళ్లోడు" అని నడుము కింద పెట్టేది. పక్కన కూర్చున్న నాకు రోజుకు ఐదు తిట్లు.

మూడో వారానికి నొప్పి పిక్క దాకా దిగకుండా తొడలోనే ఆగింది. ఆరో వారానికి కర్ర లేకుండా బస్టాండ్ దాకా నడిచింది. నేను మా గద్దె మీద నుంచి చూశాను. గుండె మీది బరువు దిగింది. అది దిగిన మర్నాడే కొత్త పరేషాన్ మొదలైంది. తగ్గింది పోరని కాలుతోనే అని అవ్వ ఊరంతా చెప్పింది. దవాఖానలో మేడం ముందు కూడా అదే మాట. మేడం నవ్వింది, నేను నేల చూశాను. ఆ ఆదివారం మా వాకిట్లో ఏడుగురు బోర్లా పడుకున్నారు. దవాఖానకు పొమ్మని చెప్తే, నీకు గర్వం పెరిగిందని తిట్టి పోయారు.

రెండేళ్లు అడిగాను. అందరి ముందు వద్దు, నాకొక్కడికే చెప్పు, తగ్గింది కసరత్తుతోనా, కాలుతోనా? అవ్వ ప్రతిసారీ పల్లీ పొట్టు ఊది, కాలే అనేది.

మొగుళ్లపల్లి వెళ్లే ముందు రోజు శనివారం కూడా అదే అడిగాను, అదే జవాబు. నాకు చాలా కోపం వచ్చింది. మర్నాడు పొద్దున అరుగు మీద నుంచి రెండుసార్లు పిలిచింది. నాకు వినిపించింది. అమ్మ దుప్పటి లాగినా నేను లేవలేదు. కాసేపటికి సంచి పట్టుకుని బస్సుకు పోయింది. రెండు బస్సులు మారి అంత దూరం కూర్చుని పోగలిగింది. తొమ్మిది రోజులకు ఆ కబురు వచ్చింది.

నిన్న శనివారం ఆమె కూతురు ఇంటి సామాను సర్దడానికి వచ్చింది. గోడ మీద సుద్ద బొమ్మలు చూసి ఆగిపోయింది.

"గివేనా తమ్మీ? అమ్మ మా ఇంట్ల పొద్దుగాల తలుపేసుకుని గిట్లనే చేసేది. పదిమందిని తిట్టుకుంట."

కాలు లేకుండానే చేసిందా అని అడిగాను.

"నేను గదే అడిగిన. కాలు పెట్టే పిలగాడు లేడు కదా, ఎట్ల తగ్గుతదే అన్న. కాలుతోటి ఏం తగ్గుతది పిచ్చిదానా, గీ కసరత్తుతోటే తగ్గింది అన్నది. గని పోరనికి మాత్రం చెప్పకు, చెప్తే మల్ల ఆదివారం రాడు అన్నది."

ఇప్పుడు తిట్టడానికి మనిషి ఉంటే కదా. రెండేళ్లు నన్ను సతాయించి, ఊరి ముందు నవ్వులపాలు చేసి, ఒక్క మాట కడుపులో దాచుకుని పోయింది. చెప్పినా వచ్చేవాణ్ని అని ఆమెకు చెప్పాలి. వచ్చేవాణ్నో కాదో నాకే తెలియదు. అదే ఇంకా కోపం.

ఈరోజు ఆదివారం. ఎవరూ పిలవలేదు, అమ్మ దుప్పటి లాగలేదు. మెలకువ వచ్చింది, రోడ్డు దాటాను. తలుపుకు తాళం ఉంది. అరుగు మూలలో ఇరుక్కున్న పల్లీ పొట్టు కొంచెం గాలికి కదులుతోంది. గోడ మీద ఐదు బల్లులు అట్లాగే ఉన్నాయి. కాసేపటికి పాదానికి నేల చల్లగా తగిలితే కిందికి చూశాను. ఎడమ చెప్పు విప్పేసి ఉంది.