దెగ్లూర్ వంకాయ, బిలోలి బెండకాయ

మా సార్ పోయారు. బుధవారం పొద్దున నాందేడ్ బస్టాండు దగ్గర పోహా తింటూ తింటూనే కుప్పకూలిపోయారట. ఫోన్ చేసిన ఆఫీసు వాచ్‌మన్‌ను అబద్ధాలాడొద్దని తిట్టేశాను. ముందురోజు సాయంత్రం నా పక్కన కూర్చుని చాయ్ తాగిన మనిషి. ఎట్లా నమ్మమంటారు?

రక్తపరీక్షల ల్యాబులకు కంప్యూటర్లు చూసిపెట్టడం మా పని. నాందేడ్, దెగ్లూర్, బిలోలి మూడుచోట్లా ఒక్కో సర్వర్. ఏ ఊరి రిపోర్టు ఆ ఊరి సర్వర్‌లో పడాలి. రెండేళ్ల కింద ఒకనాడు దెగ్లూర్ రిపోర్టులు దెగ్లూర్‌లో కనబడలేదు. అక్కడ ఒక ముసలామెకు షుగర్ ఎంతుందో తెలియక డాక్టరు మందు ఆపి కూర్చున్నాడు. వెతికి వెతికి నాకు ఏడుపొచ్చింది.

సార్ స్క్రీన్ వైపే చూడలేదు. ల్యాబులకు ఫోన్ చేసి, ఒక్కో ఉత్తుత్తి రిపోర్టు పెట్టి రోగి పేరు దగ్గర కూరగాయ పేరు కొట్టమన్నారు. దెగ్లూర్‌కు వంకాయ, బిలోలికి బెండకాయ, నాందేడ్‌కు చిక్కుడు.

"ఇగ ఏది ఏ గంపల పడ్డదో చూడు బిడ్డా" అన్నారు.

వంకాయ కూడా బిలోలిలోనే పడింది. నవ్వాను, వెంటనే గుర్తొచ్చింది. దెగ్లూర్‌లో కొత్త మిషన్ పెట్టినప్పుడు బిలోలి ఫైలు కాపీ చేసి, ఊరి కోడ్ మార్చడం మరిచింది నేనే. ఎవరి నిర్వాకం ఇదని ల్యాబు యజమాని ఫోన్‌లో అరిచాడు. తానే సరిగ్గా చూసుకోలేదని సార్ ఒప్పుకున్నారు.

ముందు ఆ ముసలామె రిపోర్టు పంపించి, తర్వాత మిగతావి దెగ్లూర్‌కు చేర్చడానికి నన్ను కూర్చోబెట్టారు.

"అన్నీ ఒక్కసారే జరుపకు. ఒక్కొక్కరి పేరు సదువుకుంట జరుపు. గవి మనుషులయి."

తప్పు నాదేనని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. రేపు, రేపు అంటూ రెండేళ్లు గడిపాను. సిగ్గులేని దాన్ని.

నిన్న ఆఫీసువాళ్లు సార్ చూసే పనులన్నీ నాకు అప్పగించారు. కంప్యూటర్‌లో ఆనాటి ఫిర్యాదు తెరిచాను. ఫైలు ఎవరు మార్చారో సార్ మొదటి గంటలోనే వెతికి పట్టుకున్నారు, అందులో నా పేరుంది. దాని కింద సార్ రాసుకున్న మాట: "బిడ్డ గాబరా పడ్డది. ఆమెనే చెప్తది."

మా ఆఫీసులో తప్పు చేసినవాళ్లే 'కారణం' అనే గడి నింపి ఫిర్యాదు మూసెయ్యాలి. సార్ ఆ గడి ముట్టుకోలేదు. రెండేళ్లుగా అది ఖాళీగానే ఉంది.