ఎడమకి వాలే ముడి

మా పెద్దసారు పోయారని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేటప్పటికి నేను పొదిలి దగ్గర మిరప తోటలో ఉన్నాను. "ఎక్కడున్నావ్?" అంటే "బస్సులో" అన్నాను. అంత దుఃఖంలోనూ అబద్ధమే వచ్చింది నోటికి. పని మీద వెళ్ళినప్పుడు ఎక్కడున్నదీ ఫోన్లో చెప్పకూడదని నేర్పింది ఆయనే.

గుంటూరులో మాదొక విత్తనాల కంపెనీ. ఆయన జీవితమంతా ధారపోసి ఒక మిరప రకం తయారుచేశారు. దాని తల్లి మొక్క, తండ్రి మొక్క గింజలు పిడికెడు బయటికి పోతే చాలు, అదే రకాన్ని ఇంకెవరైనా అమ్ముకోవచ్చు. అందుకే ఆయనతో ప్రయాణమంటే ప్రాణం విసిగేది. రైల్లో ఎవరైనా పలకరిస్తే మేం చీరాల చీరల వ్యాపారులం. ఒకావిడ నమ్మేసి ఇంటి అడ్రసు కూడా ఇచ్చింది. లాడ్జి వైఫై ముట్టుకోనిచ్చేవారు కాదు. లిఫ్టులో పని మాటెత్తితే నా కాలు తొక్కేవారు.

గది వదిలేటప్పుడు బ్యాగు జిప్పుకి ఎర్ర దారం కట్టేవారు. పరాగం అద్దిన మిరప పువ్వుకి గుర్తుగా మేం కట్టే దారమే అది. ఆయనది ఎడమచేతి వాటం. ముడి కొస ఎప్పుడూ ఎడమకి వాలేది.

ఒకసారి ఆఫీసువాళ్ళతో కలిసి పక్క రాష్ట్రంలో మీటింగుకి వెళ్ళి, అందరితో భోంచేసి గదికి వచ్చాం. తాళం వేసినట్టే ఉంది. దారమూ ఉంది. ఆయన వంగి చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుని, టీవీ సౌండు పెంచారు.

"ఇది నా ముడి కాదోయ్."

కొస కుడికి వాలి ఉంది. బ్యాగులో గింజల ప్యాకెట్టు కదిలింది గాని, అందులోవి బజారు గింజలు. అసలువి పచ్చడి సీసా పక్కన ఎండుమిరపకాయల కవర్లో, కాయల్లోనే ఉన్నాయి.

"గుంటూరోడి సంచిలో మిరపకాయలుంటే ఎవడికి అనుమానం?" అన్నారు గానీ నవ్వలేదు. "దారం చూసి మళ్ళీ కట్టాడంటే వాడికి మన పని తెలుసు. మనతో కూర్చుని అన్నం తిన్నవాడే."

ఎవరో తేలలేదు. అప్పట్నుంచి ఆయన ఎవరితో మాట్లాడినా మొహం కాదు, చేతులు చూసేవారు. నా చేతులూ చూసేవారు. చాలా బాధపడ్డాను. ఒకరోజు నాతో ముడి వేయించి, "నువ్వు కాదులే. నువ్వు రెండు మెలికలు తిప్పుతావు, వాడు ఒకటే" అన్నారు. ఆ రోజు పడ్డ సంతోషం నాకు ఏ ప్రమోషన్‌తోనూ కలగలేదు.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన్ని హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. అమ్మగారు నన్ను లోపలి గదిలోకి పిలిచారు.

"ఈ బ్యాగు నీకే ఇవ్వమన్నారు నాయనా. నిన్న ఆయనే దారం కట్టి పెట్టారు."

దారం ఉంది. ఒకటే మెలిక. కొస కుడికి వాలి ఉంది.

జిప్పు తీశాను. పచ్చడి సీసా ఉంది. మిరపకాయల కవరు లేదు.

"ఈ గదిలోకి ఎవరైనా వచ్చారా అమ్మా?"

"మీ ఆఫీసువాళ్ళే నాయనా. ఒక్కొక్కళ్ళూ వచ్చి, నా దగ్గర కూర్చుని ఏడ్చి వెళ్ళారు."

హాల్లోకి వచ్చాను. మావాళ్ళంతా దండలు వేసి ఆయనకి దండం పెడుతున్నారు. నేను ఎవరి మొహమూ చూడలేదు. జోడించిన ఆ చేతుల వంకే చూస్తూ నిలబడ్డాను.