మాస్టారు ఆపని మిషను

నాకు కంప్యూటరు నేర్పిన గుడివాడ మాస్టారు గత నెల బందరు ఆసుపత్రిలో పోయారు. నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

బస్టాండు వెనక మేడ మీద ఆయన ఇన్‌స్టిట్యూట్. ఉన్నవి నాలుగు పాత కంప్యూటర్లు. ఒక్కోదానిలో సాఫ్ట్‌వేరుతో రెండు మూడు ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపించి, మాకు తలా ఒకటి ఇచ్చేవారు. వాటికి రాసింది దాచుకునే డిస్కు లేదు, నడిచినంతసేపూ గుర్తుంచుకునే మెమరీ ఒక్కటే. పాఠానికి కావలసినవన్నీ తెరిచిపెట్టిన మెమరీని మొత్తం ఒక ఫైలుగా దాచి, దాన్ని చదవడమే తప్ప మార్చడానికి వీల్లేకుండా చేశారు. ప్రతి ఉత్తుత్తి మిషనూ ఆ ఫైలుతోనే మొదలయ్యేది. మేం రాసినవి మిషను నడిచినంతసేపే ఉండేవి; ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆ మొదటి తెరే వచ్చేది. ఎవరైనా అసలు ఫైలు మార్చబోతే మాత్రం, "దాని జోలికెళ్ళకు నాయనా, రేపొచ్చేవాడికేం మిగులుద్ది?" అనేవారు. కీబోర్డు ముట్టుకోవడానికే జంకేవాళ్ళతో, "భయమెందుకురా, ఎన్ని తప్పులు చేసినా ఆపితే పోద్ది" అని నవ్వేవారు.

జబ్బు చేశాక ఒక కంప్యూటరు ఇంటికి తెచ్చుకుని, తెలుగులో పాఠాల పుస్తకం మొదలుపెట్టారు. తెలుగు టైపింగు ఆ ఉత్తుత్తి మిషనులోనే కుదిరింది కాబట్టి అందులోనే రాసేవారు. మిషను ఆపేవారు కాదు. కరెంటు పోతే ఇన్వర్టరు ఉంది.

"రాసింది బయటికి తీసి సీడీలో పెట్టండి మాస్టారూ" అని వెళ్ళినప్పుడల్లా పోరేవాణ్ణి.

"ఈ ఒక్క పాఠం అవనీవయ్యా" అనేవారు. అంత తెలిసిన మనిషి అలా ఎందుకు అశ్రద్ధ చేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంకా టైముందనుకున్నారేమో.

పెద్దకర్మ అయ్యాక ఆయన భార్య నన్ను పిలిచారు. "ఆయన పుస్తకం అచ్చేయిద్దామయ్యా. అదొక్కటే మిగిలింది నాకు."

కంప్యూటరు ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆపారని అడిగాను.

"ఊరెళ్తే మెయిన్ ఆపటం మాకలవాటేగా," అన్నారావిడ. "ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు ఇన్వర్టరు కూడా కట్టేశాను, ఆయన కంప్యూటరుకేం కాకూడదని."

వెతకాల్సిన చోటల్లా వెతికాను. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. చివరికి, తెలిసి తెలిసీ, ఆ మిషను మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన మొదట్లో దాచిపెట్టిన తెర అలాగే తెరుచుకుంది.

ఆవిడ కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "ఏదీ, మొదటి పేజీ చదువు."

ఖాళీ పేజీ మీద చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది.